రెనిల్లా వెలుగు మధ్యాహ్నానికి పడిపోతోంది: తప్పు కణాలదా, సబ్‌స్ట్రేట్‌దా?

మిణుగురు_యశవంతపుర (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. బెంగళూరులో పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. మా ల్యాబ్‌లో తెలుగువాళ్లు ఎవరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

హెచ్‌ఈకే 293 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) సీఆర్ఈ ప్రమోటర్ (సైక్లిక్ ఏఎంపీ పెరిగితే జన్యువును నడిపే స్విచ్) కింద మిణుగురు లూసిఫరేజ్ (వెలుగునిచ్చే ఎంజైమ్), కంట్రోల్‌గా టీకే ప్రమోటర్ (ఎప్పుడూ ఒకేలా నడవాల్సిన స్విచ్) కింద రెనిల్లా లూసిఫరేజ్ పెట్టాను. కణంలో సైక్లిక్ ఏఎంపీ (సంకేతం మోసే చిన్న అణువు) పెరిగితే మిణుగురు వెలుగు పెరగాలి, రెనిల్లా కదలకూడదు. రెండింటి నిష్పత్తి తీసి చూస్తున్నాను. మొక్కల నుంచి తీసిన కాంపౌండ్లు 48. ఒక్కోటి రెండు మోతాదుల్లో, మూడేసి వెల్స్ (ప్లేట్‌లోని చిన్న గుంటలు). మొత్తం ఆరు తెల్ల ప్లేట్లు.

14 కాంపౌండ్లు నిష్పత్తిని రెండింతలకు మించి పెంచాయి. గైడ్‌కి చూపించాను, ఆయన చాలా సంతోషించారు. వచ్చే నెల పోస్టర్‌కి అబ్‌స్ట్రాక్ట్ రాయమన్నారు. ఇవాళ రాయడానికి కూర్చుని అసలు అంకెలు తెరిచాను. అప్పటి నుంచి కడుపులో దడగా ఉంది.

మొదటి ప్లేట్‌లో డీఎంఎస్ఓ వెల్స్ (కాంపౌండ్ లేకుండా ద్రావకం ఒక్కటే వేసిన కంట్రోల్): మిణుగురు సుమారు 8,200, రెనిల్లా సుమారు 41,000.
ఆరో ప్లేట్‌లో చాలా వెల్స్: మిణుగురు 7,900 దగ్గర, రెనిల్లా 13,500 దగ్గర.

మిణుగురు పెరగనే లేదు, రెనిల్లా పడిపోయింది. అంటే నేను "హిట్" అన్నవి కణాలను చంపుతున్నాయా? లేక నేనే ఏదో తప్పు చేశానా?

తరమణి_తెలుగు (రాత్రి 10:05)

ముందు ఊపిరి పీల్చుకోండి. కణాలు చస్తే మిణుగురు వెలుగు కూడా తగ్గాలి కదా. అది నిలబడే ఉంది కాబట్టి కణాలు బతికే ఉన్నాయనుకోవచ్చు.

మూడు విషయాలు చెప్పండి. ప్లేట్లు ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎన్నింటికి ముగించారు? సీలెంటెరజిన్ (రెనిల్లా సబ్‌స్ట్రేట్, అంటే ఆ ఎంజైమ్ మండించే పదార్థం) ఎప్పుడు కలిపారు? డీఎంఎస్ఓ కంట్రోల్ ప్రతి ప్లేట్‌లో ఉందా?

మిణుగురు_యశవంతపుర (రాత్రి 10:20)

ఉదయం 10:30కి మొదటి ప్లేట్, మధ్యాహ్నం 3 గంటలకు ఆరోది. మా రీడర్‌కి (వెలుగు కొలిచే యంత్రం) ఇంజెక్టర్ లేదు, ద్రవాలు చేత్తోనే వేశాను. కిట్ ఖరీదు ఎక్కువని బఫర్లు మేమే చేసుకుంటాం. సీలెంటెరజిన్ వర్కింగ్ సొల్యూషన్ (వాడేందుకు బఫర్‌లో పలచన చేసినది) ఉదయం 10 గంటలకు ఒకేసారి 60 మిల్లీలీటర్లు కలిపి, ఫాయిల్ చుట్టి బెంచ్ మీద పెట్టుకున్నాను.

కంట్రోల్స్ మొదటి ప్లేట్‌లోనే ఉన్నాయి.

పాత_ల్యుమినోమీటర్ (రాత్రి 11:15)

అమ్మా, ఇది చదివాక నిద్రపోలేక రాస్తున్నాను. ఇరవై ఏళ్ల కింద సరిగ్గా ఇదే పొరపాటు చేసి, నా మొదటి పేపర్‌లో ఒక బొమ్మ వెనక్కి తీసుకున్నాను. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీ ప్లేట్‌లో రెండు వెలుగులున్నాయి. పేర్లలో రెండూ లూసిఫరేజ్‌లే అయినా వాటికి చుట్టరికం లేదు. మిణుగురు పురుగు ఎంజైమ్ డి-లూసిఫెరిన్‌ని ఏటీపీ, మెగ్నీషియం, ఆక్సిజన్‌తో కలిపి మండిస్తుంది. పసుపుపచ్చ వెలుగు, 560 నానోమీటర్ల దగ్గర. రెనిల్లా అనేది సముద్రం అడుగున ఉండే మెత్తటి పగడపు జాతి జీవి. దాని ఎంజైమ్‌కి ఏటీపీ అక్కర్లేదు. సీలెంటెరజిన్ ఉండాలి, ఆక్సిజన్ ఉండాలి, అంతే. నీలం వెలుగు, 480 దగ్గర.

ఇబ్బంది ఆ "అంతే"లోనే ఉంది. సీలెంటెరజిన్‌కి ఆక్సిజన్ చాలు అన్నప్పుడు, ఎంజైమ్ లేకపోయినా అది గాలిలోని ఆక్సిజన్‌తో తనంతట తాను నెమ్మదిగా కాలిపోతుంది. నీళ్ల బఫర్‌లో గంటల్లోనే తరుగుతుంది. ఫాయిల్ వెలుతురును ఆపుతుంది, గాలిని ఆపదు. డి-లూసిఫెరిన్ ఆ విషయంలో చాలా ఓర్పున్న పదార్థం. అందుకే మీ మిణుగురు అంకె పొద్దుట ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. మొదటి ప్లేట్ నిష్పత్తి 8,200ని 41,000తో భాగిస్తే 0.2. ఆరో ప్లేట్‌ది 7,900ని 13,500తో భాగిస్తే 0.59. దాన్ని పొద్దుటి 0.2తో పోలిస్తే దాదాపు మూడింతలు. కాంపౌండ్ ఏమీ చేయకపోయినా మూడింతలు వస్తుంది. గడియారం పెంచిన సంఖ్య అది.

ఇది ఊహగానే వదిలేయకండి. సోమవారం ఇలా చేయండి. మందు వేయని కణాల లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) అంతా ఒకే గొట్టంలో కలిపి ఐస్ మీద పెట్టండి. పొద్దుట 10కి వర్కింగ్ సొల్యూషన్ కలపండి. 10కి, 12కి, 2:30కి అదే లైసేట్‌తో అదే సొల్యూషన్‌ని మూడేసి వెల్స్‌లో చదవండి. చివర 3 గంటలకు స్టాక్ (ఫ్రీజర్‌లోని చిక్కటి నిల్వ) నుంచి కొత్తగా కలిపి మళ్లీ చదవండి. కొత్తదానితో వెలుగు తిరిగొస్తే తప్పు వర్కింగ్ సొల్యూషన్‌ది. రాకపోతే లైసేట్ పాడై ఉండాలి, లేదా స్టాకే పోయి ఉండాలి.

గైడ్‌కి ఈ రాత్రి ఫోన్ చేయకండి. సోమవారం అంకెలతో వెళ్లండి.

సహకారనగర్ (ఆదివారం, ఉదయం 7:50)

బెంగళూరులో కాంపౌండ్ స్క్రీనింగ్ పనిలోనే ఉన్నాను. పెద్దాయన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. 96 వెల్స్ ప్లేట్‌లో మీరు 48 వెల్స్‌లో కాంపౌండ్లు పెట్టి, అంచు వరసలు ఖాళీగా వదిలారనుకుంటే లోపల ఇంకా 12 వెల్స్ మిగులుతాయి. ఆరు డీఎంఎస్ఓకి, ఆరు ఫోర్స్కోలిన్‌కి (సైక్లిక్ ఏఎంపీని పెంచే మందు). అది ప్రతి ప్లేట్‌లోనూ ఉండాలి. అప్పుడే ప్రతి ప్లేట్‌కీ విడిగా జెడ్-ప్రైమ్ (రెండు కంట్రోల్స్ ఎంత స్పష్టంగా విడిగా ఉన్నాయో చెప్పే అంకె) లెక్క కట్టగలరు. అది 0.5 దాటితేనే మేము ఆ ప్లేట్‌లోని కాంపౌండ్ల సంగతి మాట్లాడతాం, లేకపోతే ప్లేట్ మొత్తం పక్కన పెడతాం.

ఇంకోటి. రీడర్ ఇచ్చే ఈ అంకెలు ఆర్‌ఎల్‌యూలు, అంటే సాపేక్ష వెలుగు మాత్రమే. ఈ యంత్రంలో 41,000 వచ్చింది ఇంకో యంత్రంలో 9 లక్షలు రావచ్చు. మీ 41,000కి సొంతంగా ఏ అర్థమూ లేదు. పక్క వెల్‌తో పోల్చినప్పుడే అర్థం. అందుకే పక్క వెల్ అదే ప్లేట్‌లో ఉండాలి.

తరమణి_తెలుగు (ఉదయం 9:30)

వేడి సంగతి కూడా మరిచిపోవద్దు. మిణుగురు లూసిఫరేజ్‌కి 25 డిగ్రీల దగ్గర సుఖంగా ఉంటుంది, 37కి వెళ్తే నీరసపడుతుంది. మీ బెంగళూరులో ఏడాదిలో చాలా రోజులు కిటికీ తీస్తే చాలు, మాకు చెన్నైలో ఆ భాగ్యం లేదు. ఒక మే నెలలో మా గదిలో ఏసీ ఆగింది. ఐస్‌లోంచి తీసిన రియాజెంట్ ఒక ప్లేట్‌కి, గంటసేపు బయటున్న రియాజెంట్ ఇంకో ప్లేట్‌కి వేశాను. రెండు ప్లేట్లూ రెండు ఊళ్ల నుంచి వచ్చినట్టున్నాయి. ప్లేట్, రియాజెంట్ రెండూ గది వేడికి వచ్చేదాకా ఆగి, ఒక థర్మామీటర్ బెంచ్ మీద పెట్టుకోండి. రోజూ ఆ అంకె నోట్‌బుక్‌లో రాయండి.

స్టాక్ దేనిలో కరిగించారు? డీఎంఎస్ఓలో అయితే వెంటనే చెప్పండి.

మిణుగురు_యశవంతపుర (ఉదయం 10:10)

మిథనాల్‌లో. కొంచెం ఆమ్లం కలిపిన మిథనాల్. మైనస్ 80లో చిన్న చిన్న గొట్టాల్లో ఉంది. డీఎంఎస్ఓ ఎందుకు వద్దు?

తరమణి_తెలుగు (ఉదయం 10:40)

హమ్మయ్య. డీఎంఎస్ఓలో సీలెంటెరజిన్ నిలవదు, దానంతట అదే ఆక్సిడైజ్ అవుతుంది. మాకు ల్యాబ్‌లో అన్ని మందులూ డీఎంఎస్ఓలో కరిగించే అలవాటు. ఆ అలవాటుకొద్దీ నేను ఒకసారి ఐదు మిల్లీగ్రాముల బుడ్డి మొత్తం అందులో పోశాను. పదిరోజులు ఎదురుచూసి డ్రై ఐస్‌లో తెప్పించుకున్న పొడి. నారింజ, పసుపు కలిసిన రంగు కళ్ల ముందే వారం తిరక్కుండా వెలిసిపోయింది. ఆ రంగే మీకు గుర్తు. మంచి సీలెంటెరజిన్ మిథనాల్‌లో పసుపుగా ఉంటుంది, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 430 నానోమీటర్ల దగ్గర ఒక శిఖరం కనిపిస్తుంది. ఆ శిఖరం కుంగితే మందు పోయినట్టే. ఒక మైక్రోలీటర్ చాలు, ఒక నిమిషం పని. ప్రయోగం మొదలుపెట్టేముందు ప్రతిసారీ చూడండి.

నెల్లూరు_కుర్రోడు (మధ్యాహ్నం 1:15)

అన్నా, అక్కా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. చెన్నైలో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ చేస్తున్నాను. బ్రెట్ ప్రయోగం (రెండు ప్రొటీన్లు దగ్గరైతే ఒకదాని వెలుగు ఇంకోదానికి అందడం చూసేది). రిసెప్టర్‌కి రెనిల్లా, దానికి అతుక్కునే అరెస్టిన్ అనే ప్రొటీన్‌కి పసుపు ప్రొటీన్ తగిలించాను. బతికున్న కణాల మీద సీలెంటెరజిన్-హెచ్ (సీలెంటెరజిన్‌లోనే ఒక రకం) వేస్తున్నాను. కణాలు లేని ఖాళీ వెల్స్‌లో కూడా వెలుగు వస్తోంది! అందులో మీడియం ఒక్కటే ఉంది. గైడ్ మేడమ్‌ని అడగాలంటే టెన్షన్‌గా ఉంది. ఎంజైమ్ లేకుండా వెలుగు ఎక్కడిది?

పాత_ల్యుమినోమీటర్ (మధ్యాహ్నం 2:00)

టెన్షన్ వద్దు నాయనా, మంచి ప్రశ్న వేశావు. నీ మీడియంలో సీరం ఉందా? సీరంలోని అల్బుమిన్ సీలెంటెరజిన్‌ని తనకు తానే ఆక్సిడైజ్ చేసి వెలిగిస్తుంది. ఎంజైమ్ చేసే పనిని అది కాస్త చేతకానట్టు చేస్తుందనుకో. మీడియం తీసేసి, ఒకసారి కడిగి, సీరం లేని, ఫినాల్ రెడ్ లేని సెలైన్ బఫర్ వేసి చదువు. ఫినాల్ రెడ్ నీలం వెలుగును కొంత మింగుతుంది, అదీ నీకు నష్టమే.

తరవాత, తెల్ల ప్లేట్‌ని ట్యూబ్‌లైట్ కింద పెట్టి నేరుగా రీడర్‌లో పెడుతున్నావా? ఆ తెల్ల ప్లాస్టిక్ కాసేపు వెలుతురును దాచుకుని మెల్లగా విడుస్తుంది. రీడర్ లోపల చీకట్లో ఐదు నిమిషాలు ఉంచి అప్పుడు చదువు. ఖాళీ ప్లేట్‌తో, ఏమీ పోయకుండా, ముందోసారి చూడు.

నెల్లూరు_కుర్రోడు (మధ్యాహ్నం 2:10)

పది శాతం సీరం ఉంది అన్నా. రేపే బఫర్‌తో చేస్తాను.

సహకారనగర్ (సాయంత్రం 5:30)

ఈ పదార్థాల వెనక ఎంత కష్టం ఉందో కుర్రాళ్లకి తెలియాలని రాస్తున్నాను. లూసిఫెరిన్, లూసిఫరేజ్ అనే పేర్లు ఫ్రాన్స్‌లో రాఫెల్ డుబోయ్ 1880లలో పెట్టినవి. మిణుగురు వెలుగుకి ఏటీపీ కావాలని 1947లో తేల్చింది విలియం మెక్‌ఎల్‌రాయ్, జాన్స్ హాప్కిన్స్‌లో. పురుగుల కోసం ఆయన బాల్టిమోర్ పిల్లలకి వంద మిణుగురులకు 25 సెంట్ల చొప్పున ఇచ్చేవారు. పిల్లలు సందుల్లో పట్టి తెచ్చిన పురుగుల తోకల నుంచే ఎంజైమ్ తీశారు. 1985లో ఆ జన్యువును క్లోన్ చేశాకే, ఈ రోజు మనం ఒక ప్లాస్మిడ్‌తో (జన్యువును మోసే చిన్న డీఎన్ఏ చుట్ట) కణంలో మిణుగురును వెలిగించగలుగుతున్నాం. మా ఊళ్లో చిన్నప్పుడు వాన వెలిశాక తుమ్మచెట్టు నిండా మిణుగురులు ఉండేవి. లూసిఫెరిన్ బుడ్డి చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆ చెట్టే గుర్తొస్తుంది నాకు.

తరమణి_తెలుగు (సాయంత్రం 6:15)

మాకు 2019 ఆగస్టులో తిరువాన్మియూరు తీరంలో అలలు నీలంగా వెలిగాయి. అర్ధరాత్రి దాకా చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నిలబడ్డాం. అడుగు వేసిన చోటల్లా నీలం. అది నాక్టిలూకా అనే ఏకకణ జీవి. దాని లూసిఫెరిన్ మన రెండింటికీ చుట్టం కాదు, పత్రహరితాన్ని పోలిన నిర్మాణం దానిది. వెలుగు ఒకటే అనిపిస్తుంది గానీ ఈ మూడింటిలో ఒక్కో జీవి ఒక్కో దారిలో తెచ్చుకుంది. ఒకదాని సబ్‌స్ట్రేట్ ఇంకోదానికి పనికిరాదు. మీ ప్లేట్‌లో ఒకే వెల్‌లో రెండు వెలుగుల్ని విడివిడిగా చదవగలగడం కూడా ఆ తేడా వల్లే.

మిణుగురు_యశవంతపుర (సోమవారం, సాయంత్రం 4:50)

చేశాను. పొద్దుట 9 గంటలకే ల్యాబ్‌కి వచ్చేశాను. స్టాక్‌లో 430 శిఖరం చక్కగా ఉంది.

ఒకే లైసేట్, ఒకే వర్కింగ్ సొల్యూషన్:
10 గంటలకు 39,600
12 గంటలకు 24,100
2:30కి 12,900
3 గంటలకు స్టాక్ నుంచి కొత్తగా కలిపినదానితో 38,700.

రీడర్ తెర మీద ఆ చివరి అంకె వచ్చినప్పుడు ఏడుపు వచ్చింది. లైసేట్ బాగుంది, స్టాక్ బాగుంది. బెంచ్ మీద ఫాయిల్ చుట్టి జాగ్రత్తగా పెట్టుకున్న సీసానే నన్ను మోసం చేసింది.

పొద్దుటి సీసానీ కొత్తదాన్నీ తెల్ల కాగితం ముందు పక్కపక్కన పెట్టి చూశాను. అంత పలచన చేశాక కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. రీడర్ చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

గైడ్ దగ్గరికి ఆ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆయన చాలాసేపు చూసి, "అబ్‌స్ట్రాక్ట్ ఆపేద్దాం, మళ్లీ చేయి" అన్నారు. కోప్పడలేదు.

పాత_ల్యుమినోమీటర్ (సాయంత్రం 5:20)

మంచి గైడ్ దొరికారమ్మా. మళ్లీ చేసేటప్పుడు ప్లేట్‌కి సరిపడా పది మిల్లీలీటర్లే, ఆ ప్లేట్ చదివే ముందే కలుపు. రెనిల్లా అంకెని నిష్పత్తి కింద దాచకు. ముందు దాన్ని విడిగా గ్రాఫ్ గీసి చూడు, ఆ తరవాతే భాగించు. టీకే ప్రమోటర్ కూడా కొన్ని మందులకు కదులుతుంది, అది కూడా ఆ గ్రాఫ్‌లోనే కనబడుతుంది.

నెల్లూరు_కుర్రోడు (బుధవారం, రాత్రి 8:00)

అన్నా, సీరం తీసేశాక ఖాళీ వెల్స్‌లో వెలుగు దాదాపు పోయింది. ముందు ఉన్నదానిలో ఇరవయ్యో వంతు కూడా లేదు. గైడ్ మేడమ్‌కి నేనే చెప్పాను. ఇప్పుడు ఆమె ల్యాబ్‌లో మిగతా ఇద్దరికీ నన్నే చెప్పమన్నారు.

మిణుగురు_యశవంతపుర (తరవాతి శనివారం, సాయంత్రం 6:30)

ఆరు ప్లేట్లూ మళ్లీ చేశాను. ప్రతి ప్లేట్‌లో ఆరు డీఎంఎస్ఓ, ఆరు ఫోర్స్కోలిన్. ప్రతి ప్లేట్‌కీ కొత్త సీలెంటెరజిన్. బెంచ్ మీద థర్మామీటర్, పొద్దుట 26, మధ్యాహ్నం 29. రెనిల్లా ఆరు ప్లేట్లలోనూ 38,000కీ 42,000కీ మధ్యే ఉంది. జెడ్-ప్రైమ్ అన్నిట్లోనూ 0.6 పైన.

14 హిట్లలో 13 పాత ఐదు, ఆరు ప్లేట్లలోవి. వాటిలో 12 మాయమయ్యాయి. మిగిలినవి రెండు. ఆరో ప్లేట్‌లోని 43, రెండో ప్లేట్‌లోని 11. రెండిటిలోనూ మిణుగురు అంకె నిజంగానే పెరిగింది, రెనిల్లా కదల్లేదు.

ఇప్పుడు వీటిని నమ్మవచ్చా?

సహకారనగర్ (రాత్రి 7:45)

ఇంకా వద్దు. ఇక్కడ ఇంకో గుంట ఉంది, చాలామంది పెద్దవాళ్లే పడ్డారు. కొన్ని కాంపౌండ్లు కణంలోని సిగ్నల్‌ని అసలు తాకవు, నేరుగా మిణుగురు లూసిఫరేజ్‌నే పట్టుకుంటాయి. పట్టుకుంటే వెలుగు తగ్గాలి కదా అనుకుంటాం. కానీ కణంలో ఈ ఎంజైమ్ కొన్ని గంటల్లోనే విరిగిపోతూ ఉంటుంది. మందు దాన్ని అంటిపెట్టుకుంటే విరగదు, పోగుపడుతుంది. తరవాత మనం లైసిస్ చేసి బోలెడంత లూసిఫెరిన్ పోసేసరికి మందు పక్కకు తప్పుకుంటుంది, పోగుపడిన ఎంజైమ్ అంతా ఒక్కసారి వెలుగుతుంది. నిరోధకం కాస్తా ఉత్తేజకంలా కనిపిస్తుంది. పీటీసీ124 అనే మందు విషయంలో ఇదే పెద్ద చర్చ అయింది. దాన్ని కనిపెట్టడానికి వాడింది మిణుగురు లూసిఫరేజ్ పరీక్షనే. ఆ మందు ఆ ఎంజైమ్‌కే గట్టిగా అతుక్కుంటుందని తరవాత చూపించారు. మొక్కల కాంపౌండ్లలో రెస్వెరట్రాల్ కూడా ఈ ఎంజైమ్‌ని అడ్డుకునేదే, మీ జాబితాలో దాని చుట్టాలు ఉండే అవకాశం ఎక్కువ.

పరీక్ష సులువు. మందు వేయని లైసేట్‌లో కాంపౌండ్‌ని నేరుగా కలిపి చదవండి. లూసిఫెరిన్ మామూలుకంటే బాగా తగ్గించి వేయండి, లేకపోతే నిరోధం కనబడదు. సీఆర్ఈ లేకుండా టీకే ప్రమోటర్ కింద మిణుగురు ఉన్న కణాల్లో కూడా చూడండి. అక్కడా పెరిగితే సైక్లిక్ ఏఎంపీకి దానితో సంబంధం లేనట్టే.

మిణుగురు_యశవంతపుర (మంగళవారం, రాత్రి 9:10)

43 పోయింది. లూసిఫెరిన్ తగ్గించిన లైసేట్‌లో వెలుగు మూడో వంతుకు పడిపోయింది, టీకే-మిణుగురు కణాల్లో రెండింతలు పెరిగింది. సహకారనగర్ గారు చెప్పినట్టే, అక్షరం పొల్లు పోకుండా.

11 నిలబడింది. లైసేట్‌లో ఏ మార్పూ లేదు, టీకే-మిణుగురు కణాల్లోనూ లేదు, సీఆర్ఈలోనే పెరుగుతోంది. డీఎంఎస్ఓకి 2.4 రెట్లు. ఫోర్స్కోలిన్‌తో పోలిస్తే చిన్నదే.

48లో ఒకటి. మొన్న 14 అన్నప్పటికంటే ఈ ఒక్కటి చెప్పేటప్పుడు నా గొంతు గట్టిగా ఉంది.

పాత_ల్యుమినోమీటర్ (రాత్రి 9:40)

శెభాష్. ఇక వెలుగుతో సంబంధం లేని దారిలో ఒకసారి చూడు. సైక్లిక్ ఏఎంపీని నేరుగా కొలిచే ఎలైసా (యాంటీబాడీలతో చేసే పరీక్ష) చెయ్యి, రంగు మార్పుతో చదివేది. ఈ ఒక్కటీ రెండు వేరు దారుల్లో ఒకే మాట చెప్పాలి.

మిణుగురు_యశవంతపుర (రాత్రి 9:55)

కిట్‌కి గైడ్ సంతకం పెట్టారు. పది, పదిహేను రోజుల్లో వస్తుంది, వచ్చాక ఇక్కడే రాస్తాను. ఈలోపు ఒక చిన్న సందేహం. కరిగించిన సీలెంటెరజిన్ స్టాక్ గొట్టంలో సగం మిగిలితే మళ్లీ మైనస్ 80లో పెట్టవచ్చా?

తరమణి_తెలుగు (రాత్రి 10:05)

పారబోయండి. తీసిన ప్రతిసారీ తేమ, గాలి రెండూ లోపలికి వెళ్తాయి. ఈసారి 20 మైక్రోలీటర్ల చొప్పున ఇంకా చిన్నగా పంచుకోండి. నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ దొరికితే మూత పెట్టేముందు ఒక్క క్షణం ఊదండి. గొట్టం మీద తేదీతో పాటు ఆ రోజు 430 దగ్గర వచ్చిన అంకె కూడా రాయండి.